నాన్న వచ్చి తిట్టాలి

మా నాన్న నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. కోపమొస్తే మాట్లాడడం మానేసేవాడు, అంతే. కొండ మీద ఇనుపరాయి తవ్వే షవెల్ యంత్రం నడిపి, రోజంతా ఆ హోరు విని వచ్చిన మనిషికి ఇంట్లో మాటలంటే బరువు. నాకు పదేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచి కిరందుల్ గని క్వార్టర్లో మేమిద్దరమే.

మా వీధిలో కాలువ తవ్వడానికి వచ్చిన కూలీల్లో ఒకతను తెలుగులో మంచినీళ్ళడిగాడు. అతని ఊరు భేజ్జి దగ్గర, అడవిలో. శ్రీకాకుళం నుంచి వచ్చిన నాన్నకి అతని మాట సగమే అర్థమయ్యేది, అయినా “మనోడే” అని మురిసిపోయి టీ ఇప్పించాడు. ఏడాది తర్వాత ఆ ‘మనోణ్ణే’ పెళ్ళి చేసుకుంటానని చెప్పాను. నాన్న నోరు మూతపడింది. వండిపెడితే తిన్నాడు, డ్యూటీకి వెళ్ళాడు, వచ్చాడు. నలభై రోజులు నేను గోడలతో మాట్లాడాను. తిట్టినా, కొట్టినా ఉండిపోయేదాన్నేమో. నాన్న మౌనం చూస్తే నాకూ పంతం వచ్చింది.

మా కాలనీలో లేచిపోయే వాళ్ళంతా విశాఖ రైలెక్కేవాళ్ళు. మేము ఎదురుదిక్కున బస్సెక్కాం. దోర్నపాల్‌లో దిగి నడవడం మొదలుపెట్టాక నా హవాయి చెప్పు తెగింది. రెండోదీ అక్కడే వదిలేశాను. అతను సరాసరి ఇంటికి తీసుకెళ్తాడనుకున్నాను. ఊరు కనిపించే దూరంలో పక్కకి తిరిగి అడవిలోకి నడిచాడు.

“ఏంటిది?” అన్నాను.

“ఇట్లనే పోవాలె. మనం దాక్కోవాలె, ఊరోళ్ళు ఎతకాలె. గప్పుడే పెండ్లి.”

దాక్కున్న చోట చిన్న జలపాతం ఉంది. రెండు తాడిచెట్ల ఎత్తు నుంచి నీళ్ళు నల్లరాతి మీద పడి, మడుగు కట్టి, పారిపోతున్నాయి. అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. మా వైపు వాగు గని మట్టితో ఎర్రగా పారుతుంది, మా ఇళ్ళలో ఉతికిన తెల్లచీర కూడా ఎర్రగానే ఆరుతుంది. పంతొమ్మిదేళ్ళొచ్చాక నీళ్ళకి రంగుండదని నాకు తెలిసింది. మూడు రోజులు ఆ నీళ్ళలోనే ఉన్నాను. అంత సంతోషంగా మళ్ళీ ఎప్పుడైనా ఉన్నానా అంటే చెప్పలేను.

దాక్కోవడమంటే ఎంత దాక్కోవడమో! పొద్దున్నే అత్తగారు వచ్చి రాతి మీద జావ కుండ పెట్టి, మమ్మల్ని చూడనట్టు ఆకాశం వైపు చూస్తూ వెళ్ళిపోయేది. మూడో రోజు ఊరివాళ్ళు కేకలేస్తూ వచ్చి మమ్మల్ని ‘పట్టుకున్నారు’.

పెళ్ళయిపోయిందనుకున్నాను. ఇంటికి వెళ్ళగానే అలవాటుగా పొయ్యి దగ్గరికి పోయి కట్టె ఎగదోయబోయాను. అత్తగారు చెయ్యి పట్టుకుంది.

“పొయ్యి ముట్టకు బిడ్డా. ముందు మీ నాయిన రావాలె.”

“మా నాన్న రాడు. ఆయనతో గొడవే లేదు,” అన్నాను ధీమాగా.

ఆ మాట విని ఊరి పెద్దమనిషి ముఖం చిట్లించాడు. “గొడవ లేకుంటె ఎట్ల? తండ్రొచ్చి తిట్టాలె, మేము పడాలె. తిట్టలేదంటె ఆయనకు పిల్ల బరువైందనే కద? ఎవరికీ పట్టని పిల్లను మేమెట్ల తెచ్చుకుంటం?”

ఊరంతా అదే మాట. నన్ను బాగానే చూశారు, కానీ చుట్టంలాగా చూశారు. కూర్చుంటే పెట్టేవారు, లేస్తే పని ముట్టనిచ్చేవారు కాదు. నాన్నకి ఉత్తరం రాశాను: నాన్నా, వచ్చి నన్ను తిట్టు. ఉలుకూ పలుకూ లేదు. నెల గడిచాక నేనే బయల్దేరాను. పెద్దమనిషి ఒకటే చెప్పాడు: “మీ నాయిన గడప దాటకు. దాటితివంటే పుట్టింటికి తిరిగిపోయినట్టే.”

తెల్లారేసరికి క్వార్టరు ముందు నిలబడ్డాను. నాన్న తలుపు తీసి చూశాడు. ఏమీ అనకుండా, నేను లోపలికి వెళ్ళడానికి పక్కకి తప్పుకున్నాడు. లోపల నా మంచం దుప్పటి మడత పెట్టి ఉంది. కాళ్ళు లోపలికే లాగాయి, అబద్ధమెందుకు.

“రాను నాన్నా. వస్తే నా పెళ్ళి లేనట్టే. నువ్వే వచ్చి, అందరి ముందూ నన్ను తిట్టాలి.”

ఆయన టోపీ పెట్టుకుని షిఫ్టుకి వెళ్ళిపోయాడు, తలుపు తెరిచే ఉంచి. నేను మెట్టు మీద కూర్చున్నాను. పక్కింటివాళ్ళు పిలిచారు, వెళ్ళలేదు. ఎండ మెట్టు మీదికొచ్చింది, ఎర్రదుమ్ము ఒళ్ళోకొచ్చింది. మొండితనం నాకు ఆయన నుంచే వచ్చింది, ఎంతసేపు పడుతుందో చూద్దామనుకున్నాను. మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి, నన్ను చూసి, లోపలికెళ్ళి అన్నం కలిపి తెచ్చి మెట్టు మీద పెట్టాడు. నేను తింటుంటే చొక్కా మార్చుకుని, చేతిసంచీ పట్టుకుని, తలుపుకి తాళం వేశాడు.

బస్సులు మారి మర్నాడు ఊరు చేరేదాకా ఒక్క మాట లేదు. ఊరు మొత్తం చింతచెట్టు కింద కూర్చుంది. అత్తగారు, ఆమె కొడుకు తలలు వంచుకుని నిలబడ్డారు. నాన్న వాళ్ళకెదురుగా నిలబడి నేల చూస్తున్నాడు.

“తిట్టు,” అన్నాడు పెద్దమనిషి.

నాన్న గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ నేల చూశాడు. జనం కదిలారు.

“నాన్నా, నీ కాళ్ళకి దండం పెడతాను. తిట్టు.”

ఆయన నన్ను కాదు, నా కాళ్ళని చూస్తున్నాడు. ఒక్కసారిగా గొంతు పగిలింది.

“సెప్పులేవే? ఇంత దూరం ఉత్త కాళ్ళతో నడిసొచ్చీసినావా? మూడ్రోజులు టేసన్లో నిలబడ్డాను, రైలు పెట్టె పెట్టెకీ ఎతికాను! ఎల్తన్నానని ఒక్క మాట సెప్పనేకపోనావా? నేనే బస్సుదాకా దిగబెట్టీసీవోణ్ణి కదే!”

సంచీలోంచి కొత్త చెప్పుల జత తీసి నా ముందు విసిరాడు.

“ఇగ సాలు,” అన్నాడు పెద్దమనిషి. “తిట్టిండు.” అత్తగారు నా భుజం తట్టి పొయ్యి వైపు చూపించింది.

నాన్న మాత్రం ఆపలేదు. పంతొమ్మిదేళ్ళుగా తిట్టనివన్నీ వరసపెట్టి తిడుతూనే ఉన్నాడు. నేను పొయ్యి వెలిగిస్తూ వింటూ కూర్చున్నాను.