మా బావ ఆపమన్న దీపాలు

మా బావ చనిపోయాడన్న కబురు నాకు ప్రసంగం మధ్యలో అందింది. అరకు దాటి లోపలికి వెళ్తే కాఫీ తోటల నడుమ ఒక రేకుల షెడ్డు ఉంది. అదే మా ప్రార్థన మందిరం. ఆ ఆదివారం వాన జోరుగా కురుస్తోంది. రేకుల మీద చప్పుడుకు నా గొంతు చాలక ఇంకా గట్టిగా అరుస్తున్నాను. నా బోధ విన్నవాళ్ళకు నా అరుపు కొత్త కాదు. అంతలో మా ఊరి మనిషి ఒకడు వచ్చి, తడిసిన గొడుగు మూయకుండా గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మని చెయ్యి ఊపాను. రాలేదు.

"మీ బావ ఎల్లిపోనాడు పాస్టరు గారూ. ఘాట్ మీదే," అన్నాడు.

జ్వరమని జీపులో ఆసుపత్రికి దించుతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. నా చేతిలో గ్రంథం తెరిచే ఉంది. ఏ వాక్యం దగ్గర ఆగానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

బావ అంటే నా తోడబుట్టిన అక్క భర్త. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆయన కొండ రైతు. కాఫీ, మిరియం, కొంత చోడి అనే రాగి, పల్లంలో కాస్త వరి. ఊళ్ళో ఎవరి పైరుకు మందు కొట్టే బ్యాటరీ డబ్బా మొరాయించినా ఆయన వాకిట్లోకే వచ్చేది. విప్పేవాడు, తిట్టేవాడు, మళ్ళీ బిగించేవాడు. నేను బడి మధ్యలో మానేసి, వాక్యం చదువుకుంటూ చదువు నేర్చుకున్నవాణ్ణి. ఆయన కొండదేవతకు కోడిని కోసేవాడు. నేను ఆయన వాకిట్లోనే నిలబడి ఆ పని తప్పని గొంతు చించుకునేవాణ్ణి. అంతా విని నవ్వేవాడు.

"అయిపోనాదా నీ బోద? అయితే కూకో. నీకని వేరే కోడిని కోసినాం. దాన్ని మా దేవతకి సూపించనేదులే, నీ దేవుడికి కోపం రాదు."

ఆ కూర తినకుండా నేనెప్పుడూ లేవలేదు.

ఇక దీపం సంగతి. మా ఊరి కింద ఒక గెడ్డ పారుతుంది. కొండమీద పుట్టి, రాళ్ళ మధ్య మోకాలి లోతున దిగి, పొలాల పక్కనుంచి వెళ్తుంది. ఆ పై పాయ మొత్తం మా ఊరిదే. పాతకాలంలో రాత్రిపూట ఎండు వెదురు కాగడాలు పట్టుకుని, కత్తితో చేపను కొట్టేవారు. తర్వాత చేతి టార్చీలు వచ్చాయి. లోతు తక్కువ నీళ్ళలో టార్చి పైనుంచి వేస్తే వెలుగు నీటి మీదే మెరిసి కళ్ళలోకి తిరిగి కొడుతుంది. అడుగున ఉన్నది రాయో చేపో తెలియదు. ఒకసారి బావ చేపనుకుని బండను కొట్టి కత్తి అంచు పోగొట్టుకున్నాడు. ఇంటికొచ్చి అప్పతో అన్నాడట: "మనం ఒడ్డునుండి సూత్తే కాదే. దీపం కూడా నీళ్ళలోకి దిగాల."

ఆ మాటతో మొదలైంది. పచ్చడి వచ్చిన పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి, చెడిపోయిన బండి నుంచి తీసిన ఎల్ఈడీ లైటు, మందు డబ్బాలోని బ్యాటరీ. బ్యాటరీ సంచిలో భుజాన ఉంటుంది. మూతకు చిన్న కన్నం పెట్టి వైరు లోపలికి తీశాడు. ఆ కన్నాన్ని గుగ్గిలం కరిగించి మూశాడు. గుగ్గిలం గట్టిపడ్డాక చల్లటి నీళ్ళు తగలగానే బీటలు వారింది. అప్పుడు అందులో తేనెపట్టు మైనం, రెండు చుక్కల ఆముదం కలిపాడు. అది పట్టింది. మూత అంచుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించాడు. ఇంటి వెనక గోలెంలో ముంచి, తీసి, లోపల వేలు పెట్టి తడిమి, పొడిగా ఉందని నా మొహం మీద వేలు రాసి చూపించాడు.

గెడ్డలో మొదటిసారి వేసిన సాయంత్రం నేను పక్కనే ఉన్నాను. డబ్బా నిండా గాలి ఉంటే అది మునగదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. నీళ్ళలో పెట్టగానే వెలుగుతూ పైకి లేచి, ప్రవాహంలో పడి, వైరు పీక్కుని బయలుదేరింది. బావ బ్యాటరీ సంచి పట్టుకుని రాళ్ళ మీద దాని వెనక పరుగు. చివరికి ఒక బండకు తట్టుకుని ఆగింది. ఆయన రొప్పుతూ వెనక్కి తిరిగి అన్నాడు: "ఏటి బామ్మర్దీ, మీ పెబువు నీటి మీద నడిసీసేడని అంతలా సెప్తావు. నా డబ్బా కూడా నడిసీసింది, సూసినావా?"

నేను కోపంగా మొహం పెట్టాలనుకున్నాను. నవ్వొచ్చేసింది.

బరువు కోసం గెడ్డలోని గులకరాళ్ళు కడిగి లోపల వేశాడు. మునిగింది కానీ లోపలంతా ఆవిరి పట్టి తెల్లగా మసకబారింది. రాళ్ళలోని తడి లైటు వేడికి బయటికొచ్చిందని పట్టుకున్నాడు. అయితే రాళ్ళు కాల్చి ఆరబెడదామని పొయ్యిలో వేశాడు. అందులో ఒకటి ఫట్టున పేలి, బూడిదంతా అంబలి కుండలో పడింది.

"నీ దీపం గెడ్డలో ఎలగక ముందే నా కొంప కాలీసేలాగున్నాది!" అని అప్ప గరిటె ఎత్తింది. తిడుతూనే అటకమీద వెతికి, అరిగిపోయిన పాత నాగలి కర్రు తెచ్చి ఆయన ముందు పడేసింది. "ఇది ఏసి సావు. ఇనుములో నీరుండదు."

కర్రు పెట్టి, పొయ్యి దగ్గర గాలి వెచ్చగా ఉన్నప్పుడే మూత బిగించాడు. ఆ తర్వాత మసక పట్టలేదు. ఆ రాత్రి గెడ్డలో నేను చూసినదాన్ని ఎన్నో ప్రసంగాల్లో చెప్పాను. నీళ్ళు లోపలినుంచి వెలిగాయి. ఇసుక రేణువులు విడివిడిగా కనిపించాయి. రాళ్ళ సందున చేపలు, వాటి పక్కనే వాటి నీడలు. ఆరంభంలో వెలుగు కలుగు గాక అన్న మాట వినబడినప్పుడు నీటి అడుగు ఇలాగే తెరుచుకుని ఉంటుందని జనానికి చెప్పేవాణ్ణి. బావ మాత్రం "సాల్లే, కాలు కదపకు, బెదిరిపోతాయి," అన్నాడు.

నేర్చుకుంటానన్న ప్రతివాడికీ నేర్పాడు. దాచుకునే గుణం లేదు. ఏడాది తిరిగేసరికి మా ఊళ్ళో దీపం లేని ఇల్లు లేదు. అవతలి పల్లెలవాళ్ళు కూడా సంతరోజున వచ్చి, ఆయన వాకిట్లో కూర్చుని గుగ్గిలం కాచి పట్టుకెళ్ళారు.

ఇందులోని పాపాన్ని మొదట అప్పే చూసింది. తొలకరి వానలకు చేపలు పై పాయలోకి ఎదురెక్కుతాయి. లోతు తక్కువ చోట రాళ్ళలో, గడ్డి మొదళ్ళలో గుడ్లు పెడతాయి. అప్పుడు వాటికి భయం ఉండదు. దీపం పెడితే కదలవు. ఒక పొద్దున అప్ప చేపలు కోస్తూ ఆగి, చేట ఆయన ముందు పెట్టింది.

"సూడు. అన్నీ గుడ్లతోటే ఉన్నాయి. ఒక్కటైనా ఒట్టి కడుపుతో నేదు."

ఆయన ఒక్కో చేపనూ తిప్పి చూశాడట. ఆ రోజు కూర తినలేదు. మరుసటి ఏడు గెడ్డలో చేప సగానికి తగ్గింది. ఆ పైఏడు రొయ్య తప్ప ఏమీ దొరకలేదు. గ్రంథంలో రాత్రంతా వలలు వేసి ఏమీ పట్టని జాలరుల కథ మా వాళ్ళకు ఎన్నోసార్లు చెప్పాను. మా గెడ్డలో ఆ కథ దీపాల వెలుగులో జరిగింది.

అప్పటినుంచి మా బావకు అదే పని. తొలకరి పడ్డప్పటినుంచి నాట్లు అయ్యేదాకా గెడ్డలో దీపం పెట్టొద్దని ఇంటింటికీ తిరిగాడు. "లోతులో ఉన్నదాన్ని ఆ లోతే కాత్తాది. లోతు నేనికాడ మనమే కాయాల," అనేవాడు. జనం నవ్వారు. "దీపం నేర్పినోడివి నువ్వే, ఆర్పమనేదీ నువ్వేనా మావా?" అన్నారు. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. నా దగ్గరికి వచ్చాడు. నా మందిరం గడప తొక్కడం అదే మొదటిసారి.

"నా మాట ఇననేదు. మీ దేవుడి మాట మీదైనా ఇంటారేమో. ఏటైనా ఉందేటి నీ పుస్తకంలో?"

ఉంది. గూటిలో పిల్లల మీదనో గుడ్ల మీదనో కూర్చున్న తల్లిని పట్టుకోవద్దని ధర్మశాస్త్రంలోనే ఉంది. ఆ వాక్యం మీద నేను ఒళ్ళు మరిచి బోధించాను. బల్ల గుద్దాను. బావ వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుని విన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ సాయంత్రం మేమిద్దరం గెడ్డ ఒడ్డుకు వెళ్ళి చూస్తే నీళ్ళ అడుగున దీపాలు వెలుగుతున్నాయి. ఆమెన్ అన్నవాళ్ళవే. "బాగా సెప్పినావులే," అని బావ నా భుజం తట్టి ఇంటికి నడిచాడు. ఆ తట్టడం నా భుజం మీద ఇంకా ఉంది.

ఆ తర్వాత ప్రతి తొలకరికీ అడుగుతూనే ఉన్నాడు. ఈసారి కూడా, జ్వరంతోనే, గొడుగు వేసుకుని నాలుగిళ్ళు తిరిగాడని అప్ప చెప్పింది. ఒక్క వానకారైనా దీపం లేని గెడ్డను చూడాలన్నది ఆయన కోరిక. చూడకుండా పోయాడు. బాప్తిస్మం తీసుకోమని ఎన్నిసార్లడిగినా "రోజూ గెడ్డలో మునిగేవోణ్ణి, కొత్తగా ముంచేదేటి?" అని నవ్వేసేవాడు. అలాంటివారు పోయాక ఎక్కడికి చేరతారో నా బోధలో ఒక మాట ఉంది. ఆ మాట ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. మనిషి పోతే, అతని పెద్ద దినం భోజనం పెట్టేదాకా ఊరివాళ్ళెవరూ గెడ్డలో చేప పట్టరు. పోయినవాడు ఆ నీళ్ళు తాగుతూ ఉంటాడని, వాటిని కలచితే వెనక్కి తిరుగుతాడని పెద్దల భయం. నేను ఈ మైలలన్నిటికీ వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి బోధించినవాణ్ణి. బావను మట్టి చేసిన మరునాడే మా విశ్వాసులు కొందరు వచ్చారు.

"మైల నేదు, ముట్టు నేదు అని మీరే కదా సెప్పినారు. మరి మనోళ్ళం గెడ్డకి ఎల్తే తప్పేటి పాస్టరు గారూ? సేపలు ఎక్కుతన్నాయి."

బయట ఆయన ఏళ్ళ తరబడి అడిగిన ఆ తొలకరి వానే కురుస్తోంది. నేను చెప్పిన బోధ నాకే ఎదురొచ్చి నిలబడింది.

"మైల లేదు. అది నేను మార్చను," అన్నాను. "కానీ నా ఇంట్లో దుఃఖం ఉంది. నా దుఃఖం తీరకుండా మీలో ఎవడు గెడ్డలో దీపం పెడతాడో పెట్టండి, చూస్తాను."

"బావమరిది గనక అలగంటన్నారు," అని ఒకామె గొణిగింది.

"అవును. బావమరిదినే," అన్నాను. గొంతు పెంచలేదు. బహుశా అందుకే వెళ్ళిపోయారు.

మిగతా ఊరు మాత్రం దినం ఎప్పుడా అని చూసింది. మామూలుగా పది రోజుల్లోపే పెట్టేస్తారు. ఊరిపెద్ద మా అప్ప దగ్గరికి వచ్చాడు.

"దినం బేగి సేసీయమ్మా. పిల్లగుంటలు సేపలు సేపలని ఏడుత్తన్నారు."

"బియ్యం నేవు," అంది అప్ప.

"తలో కుంచం ఏత్తాం. నీకేటి కట్టం?"

"మీ బియ్యంతో నా మొగుడికి అన్నం పెడతానా? నా సేలో వరి కోసినాక పెడతాను. అందాకా ఆగలేనోడు ఆగొద్దు. ఆడి ఎనకాలే ఎల్లమను."

ఆయన నా వైపు చూశాడు, ఈవిడకు చెప్పవయ్యా అన్నట్టు. అబద్ధం పాపమని ఊరూరా చాటేవాణ్ణి. అప్ప గాదెలో బియ్యం ఉన్నాయో లేవో తొంగి చూడలేదు. తల వంచుకుని నిలబడ్డాను.

కోతలు కార్తీకం దాటాక. అంటే ఈ వానకారంతా గెడ్డ మూతపడ్డట్టే. ఆయన ఇంటింటికీ తిరిగి సాధించలేనిది, నేను బల్ల గుద్ది సాధించలేనిది, ఆయన చావుతో, అప్ప మొండితనంతో జరిగింది. దీనికి సంతోషించమని నా మనసుకు ఎంత బోధించినా వినడం లేదు. ఇది ఆయనకు బతికుండగా ఇవ్వవలసింది కదా అని ఒకటే పోరు.

మొన్న అప్పను చూడ్డానికి వెళ్ళాను. పొద్దున వాన వెలిసింది. నేను ఒడ్డున ఉండగా ఆమె గెడ్డలో నీళ్ళకు దిగి, బిందె వంచబోయి, అలాగే ఆగిపోయింది.

"అక్కడే ఉండు తమ్మీ. కదలకు."

రాళ్ళ సందునుంచి గోరంత చేపపిల్లలు గుంపుగా వస్తున్నాయి. ఒళ్ళు ఇంకా గాజులా ఉంది, కళ్ళు మాత్రం నల్లగా కనిపిస్తున్నాయి. ఆమె మడమలను తాకి, రెండుగా చీలి, మళ్ళీ కలిసి పోతున్నాయి.

"ఇయ్యి ఏ సేప పిల్లలో," అంది అప్ప. "మీ బావనడగా..."

నాకు తెలియదు. ఊళ్ళో ఇంక చెప్పగలవాళ్ళు లేరు. అవి వస్తూనే ఉన్నాయి. అప్ప ఖాళీ బిందెను నీటిపైన పట్టుకుని, ముంచకుండా, అవన్నీ దాటేదాకా వంగే నిలబడి ఉంది.