క్లారినెట్ ఆగిన చోట

మా క్లారినెట్ మాస్టారు పోయారన్న కబురు నేను క్లాసులో ఉండగా వచ్చింది. బోర్డు మీద సగం చేసిన లెక్క అలాగే వదిలేసి స్కూటర్ తీశాను. మిర్చి సీజన్. పాత గుంటూరులో ఆయన ఇంటికి చేరేదాకా కళ్లు మండుతూనే ఉన్నాయి. ఏడుపో ఘాటో ఎవరికీ తెలియదు కదా అని దారంతా ధైర్యంగా ఏడ్చాను.

ఆయన పెళ్లిళ్లకు వాయించే బ్యాండు మేళంలో మనిషి. నేను చర్చిలో గిటార్ వాయిస్తూ, బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. నాకూ, డోలక్ వాయించే మిత్రుడికీ సొంత బ్యాండు పిచ్చి పట్టింది. ఒక ఊరేగింపులో మాస్టారి వాయింపు విని ఆయన వెంటపడ్డాం. ముందే అనుకున్న పాట ఉండదనీ, ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తూ కలుపుకుపోవడమేననీ, దాన్ని జామ్ బ్యాండ్ అంటారనీ గొప్పగా వివరించాను. ఆయన తాపీగా విని, "మాదెప్పుడూ జామ్ బ్యాండే తమ్ముడూ. మేం ఊరేగింపుకి దిగితే బ్రాడీపేట నాలుగో లైను దాకా జామే" అన్నారు. ఆ రోజే చేరిపోయారు.

ఆదివారం మధ్యాహ్నాలు కోచింగ్ సెంటర్ మేడ మీద గదిలో కూర్చునేవాళ్లం. నా చర్చి పాట ఆయన పీర్ల పండగ దరువులోకి జారి, ఏ పెళ్లి పాటలోనో తేలేది. గిటార్ మీదికి వంగిపోయి వాయించే నన్ను, "నీ చేతులు నువ్వు చూసుకోకు, పక్కోడి చేతులు చూడు" అని గదమాయించేవారు. నాకు వినడం నేర్పింది ఆయనే. రికార్డు చేసిన పాటను నెట్ సెంటర్‌కి పట్టుకెళ్లి, ఎవరైనా ఉచితంగా వినేలా నెట్‌లో పెట్టేవాళ్లం. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. మాస్టారు నోట్లో క్లారినెట్ రీడు తడుపుకుంటూ, మిర్చి యార్డులో లారీకి బస్తాలు ఎక్కిస్తున్నట్టు, "పాట ఎక్కిందా తమ్ముడూ?" అని అడిగేవారు.

చివరి ఏడాది ఆయనకు ఊపిరి చాలేది కాదు. పాట మధ్యలో క్లారినెట్ దించేసేవారు. ఊపిరి తీసుకుని తిరిగి ఎత్తుకునేదాకా మేమిద్దరం డోలక్, గిటార్‌తో నెట్టుకొచ్చేవాళ్లం. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే, "ఊదడం మానమంటాడు. అది చెప్పించుకోడానికి వెళ్లాలా?" అనేవారు. పోట్లాడాను. కాళ్లావేళ్లా పడ్డాను. వినలేదు. అలా మధ్యలో ఆగిన ఒక పాటను నెట్‌లో పెట్టొద్దన్నాను. పెట్టాల్సిందేనన్నారు. ఎక్కడెక్కడి వాళ్లో విని, ఆ ఆగడమే అద్భుతమనీ, ఆ ఖాళీ ఎంత ఆలోచించి పెట్టారోననీ రాశారు. చదివి వినిపిస్తే మాస్టారు దగ్గొచ్చేదాకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. మీలో ఎవరైనా ఆ పాటను అలాగే మెచ్చుకుని ఉంటే, తప్పు మీది కాదు.

ఆయన పోయాక కొన్నాళ్లకు వాళ్లమ్మాయి కోచింగ్ సెంటర్‌కి వచ్చింది. "సార్, ఆ పాట తీసెయ్యండి. నాన్నకి ఊపిరాడకపోతే భలే ఉందని రాశారంట. అది ఊరందరూ వినాలా?" అంది. ఆయన చివరిగా వాయించింది ఆ పాటే. తీసేయడానికి నాకు చేతులు రావు, ఉంచుతానని ఆ పిల్ల ముఖం చూసి చెప్పలేను. "తీసేస్తానమ్మా. ఒక్కసారి విను" అని నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాను.

స్పీకర్లలో క్లారినెట్ ఎత్తుకుంది, పైకి పోయింది, తెగింది. నా చెయ్యి మౌస్ మీదే ఉంది. ఆ అమ్మాయి తెరకి దగ్గరగా వంగి, పక్కనే కూర్చున్న మనిషితో అన్నట్టు, "పీల్చుకో నాన్నా, తొందరేం లేదు" అంది.

తర్వాత నా వైపు చూడకుండానే, "ఉంచండి సార్" అంది.

డోలక్, గిటారే నడుస్తున్నాయి. ఆయన మళ్లీ అందుకునేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.