వేలి మీద పులిపిరి

మనవరాలు తన పులిపిరికి ఫోన్‌లో మందు వెతుకుతోంది. ఒకడు వెల్లుల్లి అంటాడు, ఇంకొకడు సున్నం అంటాడు. సున్నం మాట వినగానే నాకు ఒళ్లు మండింది.

నరసాపురంలో నా చిన్నప్పుడు, లేసు దారం నా వేలి మీది పులిపిరికి తగులుకుంటోందని అమ్మ నన్ను అల్లిక ముట్టనివ్వలేదు. అత్తయ్య గుర్రం వెంట్రుక కట్టమంది, పక్కింటి మామ్మగారు సున్నం రాయమన్నారు. ఎక్కువ రాస్తే త్వరగా పోతుందనుకుని ముద్ద పెట్టి గుడ్డ కట్టేశాను. సాయంత్రానికి వేలు బొబ్బెక్కింది.

"ఎవరు చెప్పారే నీకు?" అంది అమ్మ.

"అందరూనూ."

ఆసుపత్రిలో నర్సమ్మగారు విసుక్కున్నారు. "పులిపిర్లు ఊరికే వదిలేస్తే చాలావరకు వాటంతటవే పోతాయండి. ముందే మమ్మల్ని అడగొచ్చుగా."

పులిపిరి ఏడాదికి అలాగే పోయింది. సున్నం మచ్చ మాత్రం ఇప్పటికీ ఉంది. ఆ వేలే మనవరాలికి చూపించి, "ఫోన్ పక్కనపెట్టి డాక్టరుగారి దగ్గరికి పదవే" అన్నాను.