గినీ పిగ్‌లను బయట పెట్టింది నేనే

ఏళ్ల తరబడి ఒక చిన్న ప్రాణి బరువు మోస్తున్నాను. రెండు చేతుల్లో ఇమిడిపోయే ప్రాణి. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేం వలసొచ్చిన చలిదేశంలో, రేవు పక్కన రింగాస్కిడీ అనే ఊళ్లో ఒక మందుల ఫ్యాక్టరీ. హేమక్క, నేను ఒకే ల్యాబ్‌లో పనిచేసేవాళ్లం. నేను కడుపుతో ఉన్నానని నా భర్త తర్వాత ఆమెకే చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. టీమ్ లీడ్ పోస్టుకి ఇద్దరం పోటీలో ఉన్న రోజులవి. ఆమె మేనేజర్ దగ్గరికి వెళ్లి, తను వట్టిమనిషి కాదు, బరువు పనులు చెప్పకండి అని నా మీద జాలి ఒలకబోసింది. పోస్టు ఆమెకొచ్చింది. తర్వాత కొన్నాళ్లకే నా కడుపు పోయింది. నేను నోరు విప్పకుండానే ల్యాబంతా నన్ను ఓదార్చింది, కాఫీ మెషిన్ దగ్గర, కార్ పార్కులో, ఎవరో పేరు కూడా తెలియనివాళ్లు భుజం తట్టి మరీ. నా ఏడుపు నాకు దక్కకుండా చేసింది హేమక్క. ఆమెది జాలా, ఎత్తుగడా? ఇప్పటికీ తేల్చుకోలేను. అప్పుడు మాత్రం తేల్చేసుకున్నాను.

హేమక్కకి పిల్లల్లేరు. గారె, బూరె అని రెండు గినీ పిగ్‌లను పెంచుకునేది. వేసవిలో పెరట్లో చెక్క గూట్లో, చలి మొదలవగానే వంటగదిలో. చోటు మార్చేటప్పుడు కూడా ఒక్కసారిగా కాదు, రోజూ కాసేపు ఉంచి అలవాటు చేసేది. ఓ అక్టోబరులో వాటిని లోపలికి తెచ్చిన కొద్దిరోజులకే, వాళ్లమ్మకి ఆపరేషనంటే భార్యాభర్తలిద్దరూ తెనాలి బయల్దేరారు. ఇంటి తాళం నా చేతిలో పెట్టింది.

"మేత ప్రెస్‌లో, ఆ గోడ అల్మరాలో ఉందే. బయట మాత్రం పెట్టకు. లోపలుంటే గ్రాండ్‌గా ఉంటాయి."

నన్నే ఎందుకు అడిగింది? నా కోపం ఆమెకి కనబడలేదా?

మొదట్లో బాగానే చూశాను. ఒక సాయంత్రం వాటి కింద పరిచిన మెత్తటి బొంతలు మారుస్తుంటే, అవి ఆమె తన పాత చీరలతో స్వయంగా కుట్టినవని గుర్తొచ్చింది. సున్నితమైన ప్రాణాన్ని ఎలా కాపాడాలో ఈమెకి ఇంత బాగా తెలుసన్నమాట! నాకు ఒళ్లు మండిపోయింది. రెండింటినీ ఎత్తుకెళ్లి పెరట్లో గూట్లో వేసి తలుపు బిగించాను. వాన పడుతోంది. రేవు మీంచి ఈదురుగాలి. చంపాలనుకున్నానా? లేదని రాయబోయి ఆగాను. ఆమె కూడా ఏదో ఒకటి పోగొట్టుకోవాలనుకున్నాను. అది నిజం.

మర్నాడు వెళ్లేసరికి గారె బిగుసుకుపోయి ఉంది. బూరె దాన్నే ఆనుకుని వణుకుతోంది. రెండింటినీ తుడిచి లోపల పెట్టి, హేమక్కకి ఫోన్ చేసి ఏడ్చాను. నటన కాదు, నిజంగానే ఏడుపొచ్చింది. నిజం మాత్రం చెప్పలేదు.

తిరిగొచ్చాక ఆమె అన్న మాట ఇది: "వేసవంతా బయటున్నవాటిని తొందరపడి లోపలికి తెచ్చా. హీటింగ్ పడలేదేమోనే. నేనే చంపుకున్నానా?"

"అయ్యుండొచ్చక్కా," అన్నాను.

ఆ మాట ఎంత తియ్యగా ఉందో మీకు చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. ఆమె మొహం పాలిపోతుంటే కడుపు నిండినట్టయింది. గారె చావుకన్నా నన్ను నిద్రపోనివ్వనిది ఆ తీపే.

తర్వాత వాళ్లు స్లైగో అనే వేరే ఊరికి మారిపోయారు. పోయిన చలికాలం నేనూ మా ఆయనా చూడ్డానికి వెళ్లాం. కొత్త గినీ పిగ్‌ల జంటని తెచ్చుకుంది. వంటగది మంచుగడ్డలా ఉంది. హేమక్క కోటు, టోపీ వేసుకుని కూరలు తరుగుతోంది.

"హీటింగ్ వేసుకో అక్కా. వేడికి వాటికేం కాదు."

"నీకేం తెలుసే? పోగొట్టుకున్నదాన్ని నేను."

నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు. అయినా ఆమె వణుకుతూ పోసిచ్చిన కాఫీ తాగి, నోరు మూసుకుని తిరిగొచ్చాను.

హేమక్కని క్షమించానా? లేదు. నన్ను క్షమించమని ఆమెనీ, మిమ్మల్నీ అడగను. కానీ గారె వేడికి చావలేదు. చలికి చచ్చింది. బయట పెట్టింది నేను. ఈ మాట ఇంతవరకు నా నోటితో నేను అనలేదు. ఇవాళ అన్నాను. కాస్త ఊపిరాడుతోంది.