పాతదాని మీద కొత్తది

మేం నంద్యాలలో మేడ మీద వాటాలో ఉంటాం. కింద బట్టలు కుట్టుకునే ముస్లిం కుటుంబం. ఒకరోజు ఆ ఇంటామె పైకొచ్చి, "అక్కా, మీ బాత్రూమ్ నీళ్లు మా గోడలోకి దిగతాండాయి. కుట్టిన బట్టలు ఆడ తగిలించేకి అయితాలేదు," అనింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పోయి చూస్తే, గోడా నేలా కలిసే చోట నీళ్లు దిగకుండా పూసిన సిలికాన్ నల్లబడి, అంచులు పైకి లేచి ఉంది. మా ఆయన ట్యూబు కొనుక్కొచ్చి దాని మీదే ఇంకో వరస పూసినాడు. కొన్నాళ్లకు అదీ లేచింది. మళ్లీ పూసినాడు. మళ్లీ కిందామె వచ్చింది.

"పాతది తీయకుండా పూస్తే యాడ నిలుస్తాది?" అంటే, "నీకు తెలీదు, ఊరుకో. గట్టిగా అదిమితే అదే పట్టుకుంటాది," అన్నాడు.

ఇక నేనే గోటితో ఒక కొస పట్టుకొని లాగినా. ఆయన పూసినవన్నీ కలిసి లంగా నాడా మాదిరి ఊడొచ్చినాయి. కింద నల్లటి బూజు, మురుగు వాసన. కోపం పట్టలేక ఆ ఊడిన పీలికను తీసుకుపోయి ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టినా. ఆయన గ్లాసు ఇంకో పక్కకు జరుపుకొని తాగినాడు.

మిగిలింది బ్లేడుతో గీకి, బూజు కడిగి, తెల్లార్లూ ఫ్యాను పెట్టి ఆరబెట్టినా. మరుసటి దినం శనివారం. నేను పాఠాలు చెప్పే బడి నుంచి రాగానే రెండు పక్కలా టేపు అంటించి, కొత్త సిలికాన్ సన్నగా పూసి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో నున్నగా దిద్ది, టేపు పీకేసినా. "రేపు సాయంత్రం దాకా ఈడ చుక్క నీళ్లు పడగూడదు," అని చెప్పి చేతులు కడుక్కొని వచ్చేసరికి, ఆయన తువ్వాలు భుజానేసుకొని బాత్రూమ్ తలుపు తీస్తాండాడు.

"ఏందిది?"

"పొద్దున చర్చికి పోవాల గదా. ఇప్పుడే ఆ పక్కకు నిలబడి రెండు చెంబులు పోసుకుంటా."

వాదించే ఓపిక లేదు నాకు. బాత్రూమ్‌కు తాళమేసి, బట్టలు సంచిలో కుక్కి, ఆయన్ను బస్సెక్కించి ఆళ్లగడ్డలో మా చెల్లెలింటికి పిలుచుకుపోయినా. దారి పొడుగునా మొహం మాడ్చుకునే కూర్చున్నాడు.

తెల్లారి అక్కడ స్నానానికి పోయిన మనిషి ఎంతకీ రాడు. ఏందా అని పోయి చూస్తే, మా చెల్లెలి మొగుణ్ణి లోపలికి పిలిచి మూల చూపిస్తాండాడు. "చూడప్పా, ఇది పోయింది. పాతది మొత్తం తీసేయాల. శానామంది తెలీక దాని మీదే పూసేస్తారు."

మా చెల్లెలు నా దిక్కు చూసి కొంగుతో నోరు మూసుకుంది. నాకు నవ్వు రాలేదు.

కింద గోడ మెల్లగా ఆరింది. ఒకరోజు మెట్ల దగ్గర ఆ ఇంటామె ఎదురుపడి, "శానా బాగా చేసినావన్నా," అని మా ఆయనకు చెప్పింది.

"దాందేముందిలేమ్మా," అన్నాడు.