కౌంటర్ అంచున కరెంటు

2023 ఏప్రిల్. జర్మనీలోని హానోవర్‌లో టైల్స్ వేసే ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. ఈ పని నేను ఏ స్కూల్లోనూ నేర్చుకోలేదు. నల్గొండలో మా అబ్బాజాన్ మేస్త్రీ. ఆయన పక్కన కూర్చుని ఇంట్లోనే నేర్చుకున్నాను. ఆ విద్యే ఇక్కడ అన్నం పెడుతోంది, అల్‌హమ్దులిల్లాహ్.

ఒక పాత బిల్డింగ్‌లో మా జిల్లా అమ్మాయి రుబీనా వాళ్ళింట్లో వ్యానిటీ కౌంటర్, అంటే వాష్‌బేసిన్ కూర్చునే దిమ్మె, చేశాను. గోడకు ఇనుప యాంగిల్ బిగించి, పైన బోర్డు వేసి, తెల్ల టైల్స్ అతికించి, ముందు అంచుకు అల్యూమినియం పట్టీ, అదే ట్రిమ్, పెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం రుబీనా ఫోన్ చేసింది.

"ఆపా, కౌంటర్ మస్తుగుంది. అత్తమ్మ వజూ అక్కడ్నే చేస్తుంది. కానీ చేతులు జుమ్మంటున్నయంట."

"షుగరేమో, చూపించు," అని నవ్వి పెట్టేశాను.

బ్యాగ్ సర్దుతుంటే కేబుల్ డిటెక్టర్ చేతికి తగిలింది. గోడలో వైరు ఎక్కడుందో చూపే పరికరం అది. ఆ ఇంట్లో దాన్ని బయటికే తీయలేదు. అబ్బాజాన్ లాగే గోడను వేలితో కొట్టి చూసి డ్రిల్ పెట్టాను. ఆయన కట్టిన ఇళ్ళలో వైర్లు ఎటు పోయాయో ఆయనకు తెలుసు. ఈ గోడ గురించి నాకేం తెలుసు? పైన అద్దం లైటు ఉంది. దాని వైరు నేను డ్రిల్ పెట్టిన చోటే దిగి ఉంటే? వజూ అంటే నమాజ్‌కు ముందు కడుక్కోవడం, మోచేతుల దాకా తడి. ఆ తడి చేతులు ఆనేది ట్రిమ్ మీదే.

వెంటనే రుబీనాకు ఫోన్ చేశాను.

"రుబీనా, బేసిన్ దగ్గరికి ఎవ్వరూ పోవద్దు! మెయిన్ స్విచ్ ఆపు!"

"అయ్యో, అత్తమ్మ ఇప్పుడే నమాజ్‌కు లేసింది ఆపా..."

లైన్ కట్టయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ. ఎత్తలేదు.

ట్రామ్‌లో ఆరు స్టాపులు. చిన్నప్పటినుంచి నోటికొచ్చిన ఖురాన్ ఆయత్ చదవబోతే మాటలు తప్పిపోతున్నాయి. యా అల్లాహ్, నా చేతి పని ఒక ముసలమ్మ ప్రాణం తీయకూడదు.

రుబీనా తలుపు తీసేసరికి వంటింట్లోంచి వాళ్ళ అత్తమ్మ కేక వినిపించింది. "గింత ఎత్తు సింకుల కాళ్ళెట్ల కడుగుకోవాలె? నన్ను సర్కస్ చెయ్యమంటరా?"

గుమ్మంలోనే కూర్చుండిపోయాను. మెయిన్ ఆపే కంగారులో రుబీనా ఫోన్ సోఫాలో పడేసిందట.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. నా స్క్రూ లైటు వైరు తోలును గీరింది. కరెంటు యాంగిల్ మీదుగా ట్రిమ్‌లోకి వస్తోంది. లీకైతే తనంతట ఆగే స్విచ్ ఆ పాత ఇంట్లో లేదు. "ఆమె కాళ్ళకున్న రబ్బరు చెప్పులు కాపాడాయి," అన్నాడు.

"తప్పు నాదే, ఖాలమ్మా," అన్నాను రుబీనా అత్తమ్మతో.

"ఉరికొచ్చినవ్ గదా బిడ్డా. వీళ్ళయితే డాక్టర్ కాడ టెర్మిన్, గదే అపాయింట్‌మెంట్, తీస్తమన్నరు. మూడు నెలలకు దొరికేది!" అని ఆమె నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. ఇప్పుడు డిటెక్టర్ తిప్పకుండా ఏ గోడనూ తొలవను. ఇంట్లోవాళ్ళెవరైనా ఒంట్లో ఏదోలా ఉందంటే, జబ్బు పేరు చెప్పను. "అప్పుడు మీ చెయ్యి దేనిమీద ఉంది?" అని అడుగుతాను.