మూత పడని కాలువ

ఘానా తీరంలోని ఆ చిన్న ఊరి మార్కెట్లో అరబా ముప్పై ఏళ్లు పొగబెట్టిన చేపలు అమ్మింది. పొద్దున్నే మునిసిపాలిటీ మనిషి క్వామెనా పన్ను చీటీలు పట్టుకుని వస్తే పక్కవాళ్లు తట్టలెత్తుకుని మాయమయ్యేవారు. అరబా మాత్రం నడుముకున్న గుడ్డసంచి విప్పి డబ్బు చేతిలో పెట్టేది. "మనం కట్టకపోతే ఊరెలా బాగుపడుతుందే?" అని వాళ్లను కసిరేది.

మార్కెట్ వెనక మురికికాలువకు మూత వేయిస్తామని అధికారులు చెప్పి పదేళ్లయింది. జూన్ వానలకు నీళ్లు పొంగినప్పుడు, దారేదో కాలువేదో తెలియక అరబా అందులో పడి తుంటి విరగ్గొట్టుకుంది.

నాలుగు నెలల తర్వాత కర్ర ఊతంతో వచ్చేసరికి ఆమె చోట్లో ఇంకెవరో సబ్బులు అమ్ముతున్నారు.

"నాలుగు నెలలు పన్ను చీటీ తెంపించుకోకపోతే చోటు పోతుంది పెద్దమ్మా. రూలంతే," అన్నాడు క్వామెనా తల దించుకుని.

అరబా ఆఫీసుకెళ్లి అధికారిని నిలదీసింది. "చోటు సరే, ఆ కాలువ సంగతేంటి బాబూ?"

"డబ్బులేవి తల్లీ? జనం పన్నులు కడితేగా!"

"ఆ మాట నా మొహమ్మీద ఎలా అనగలిగావయ్యా? ముప్పై ఏళ్లు కట్టినదాన్ని!"

అతను బయట నిలబడ్డ మరొకరిని లోపలికి పిలిచాడు.

ఇప్పుడు కూతురు ఎసున్ మార్కెట్ గేటు బయట చేపలమ్ముతోంది. మొదటిరోజు బయల్దేరుతూ, "చీటీ తెంపించుకోమంటావా అమ్మా?" అని అడిగింది.

అరబా తట్టలోని చేపల మీద ఈగలు తోలుతూ కూర్చుంది.